సెప్టెంబరు చివర్లో కొలరాడో: ఆస్పెన్ చెట్లు, దుప్పి జాతి ఎల్క్‌లు. అమ్మానాన్నలతో కారులో వెళ్తున్నాం, సలహా కావాలి

చౌరస్తా (ప్లేనో, టెక్సస్) | ఆగస్టు 17, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదువుకుంటూ పోవడమే తప్ప ఒక్క ముక్క రాసింది లేదు. ఇప్పుడు అవసరం పడింది.

అమ్మా నాన్నా వరంగల్ నుంచి వచ్చి నెల దాటింది. మాల్, గుడి, మాల్. అంతే చూపించాను. సెప్టెంబరు 20 నుంచి ఎనిమిది రోజులు సెలవు దొరికింది, కారులోనే పోదామనుకుంటున్నాం. కెనాన్ ఆర్7 కెమెరా ఉంది, లెన్సులు 18-150 ఒకటి, 100-400 (ఎఫ్5.6-8 ది) ఒకటి. ఇప్పటిదాకా తీసినవి పుట్టినరోజు కేకులు, పెరట్లో ఉడతలు.

ప్లాన్ ఇది: మొదటిరోజు ఒకే దెబ్బకు డెన్వర్. రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్ ఒక రోజు. అక్కణ్ణుంచి ఎల్లోస్టోన్ రెండు రోజులు. తిరుగుదారిలో మరూన్ బెల్స్, కెబ్లర్ పాస్, మిలియన్ డాలర్ హైవే, గ్రేట్ శాండ్ డ్యూన్స్, ఇల్లు.

ఆకులు ఏ తేదీకి రంగు తిరుగుతాయి? జంతువులు ఎక్కడ కనబడతాయి? ట్రైపాడ్ మోసుకెళ్ళాలా?

కొండగాలి (డెన్వర్) | ఆగస్టు 17, రాత్రి 11:25

తమ్ముడూ, నువ్వు రాసింది ప్లాన్ కాదు, బస్సు రూటు. ఎస్టెస్ పార్క్ (రాకీ పార్కు పక్కనున్న ఊరు) నుంచి ఎల్లోస్టోన్‌కి ఎనిమిది గంటలకు తగ్గదు, మళ్ళీ అంత వెనక్కి రావాలి. నీ ఫోటోలన్నిట్లో కారు అద్దం మీద చచ్చిన పురుగులే పడతాయి. పెద్దవాళ్ళ నడుములు కూడా పడతాయి.

ఎల్లోస్టోన్ తీసెయ్. మిలియన్ డాలర్ హైవే కూడా తీసెయ్. సిల్వర్టన్, ఊరే మధ్య ఆ రోడ్డుకి చాలా చోట్ల పక్కన రెయిలింగ్ ఉండదు, అమ్మగారు కళ్ళు మూసుకుని కూర్చుంటారు. ఆ రోడ్డున్న శాన్ హువాన్ కొండల్లో రంగు కాస్త ఆలస్యంగా, అంటే సెప్టెంబరు ఆఖరు నుంచి అక్టోబరు మొదటివారంలో బాగుంటుంది. నీ తేదీలకు ఉత్తరం, మధ్య కొలరాడో సరిపోతాయి.

తేదీ అడిగావు. తేదీ చెప్పేవాణ్ణి నమ్మకు. ఎత్తును చూడు. పైనున్న చెట్లు ముందు తిరుగుతాయి, రంగు రోజురోజుకీ కిందికి దిగుతుంది. 10,000 అడుగుల దగ్గర రాలిపోయాయంటే 8,500 దగ్గరికి రా, అక్కడ ఇంకా పచ్చ కలిసిన పసుపు ఉంటుంది. ఒక్క రాత్రి గాలి గట్టిగా వీచిందంటే మాత్రం కొండంతా గుండు కొట్టించుకున్నట్టు అవుతుంది. అది ఎవరి చేతిలోనూ లేదు.

నేనైతే ఇలా చేస్తా. మొదటి రాత్రి న్యూ మెక్సికోలోని రాటన్‌లో పడుకో. రెండో రోజు మధ్యాహ్నానికి ఎస్టెస్ పార్క్, అక్కడ మూడు రాత్రులు. అక్కణ్ణుంచి కెనోషా పాస్ మీదుగా గన్నిసన్, రెండు రాత్రులు. క్రెస్టెడ్ బ్యూట్ నుంచి కెబ్లర్ పాస్ ఒక రోజంతా. ఇక ఇంటిదారి. మరూన్ బెల్స్‌కి సొంత కారు ఎప్పుడుపడితే అప్పుడు వెళ్ళనివ్వరు, షటిల్ బస్సు ముందే రిజర్వ్ చేసుకోవాలి. ఆ జంట శిఖరాల కిందున్న సరస్సు ముందు తెల్లవారుజామున ట్రైపాడ్లు పెళ్ళి భోజనం బంతిలా వరసగా ఉంటాయి. అందరికీ అదే ఫోటో.

రాకీ పార్కుకి కూడా ఆ నెలలో టైమ్డ్ ఎంట్రీ ఉంటుంది, అంటే ఏ గంటకు లోపలికి వెళ్ళాలో ముందే బుక్ చేసుకోవాలి. బేర్ లేక్ రోడ్డుకి వేరే రకం టికెట్. నెల ముందు కొన్ని వదులుతారు, ముందురోజు సాయంత్రం ఇంకొన్ని. నిబంధన ఏటా కాస్త మారుతుంది కాబట్టి పార్కు సైటులో చూసుకో, నా మాట మీద వెళ్ళకు.

చౌరస్తా | ఆగస్టు 18, ఉదయం 7:15

అన్నా, తిట్టినా బాగుంది. ఎల్లోస్టోన్ తీసేశాను. మా ఆవిడ మీకు థ్యాంక్స్ చెప్పమంది.

ఒక అమాయకపు ప్రశ్న. ఫోటోల్లో చూస్తే కొండ మీద ఒక గుంపు పూర్తిగా పసుపు, దాన్ని ఆనుకునే ఇంకో గుంపు పూర్తిగా పచ్చ. మధ్యలో ఎవరో గీత గీసినట్టుంది. ఎండ తేడానా?

బోటనీ మాస్టారు (గుంటూరు) | ఆగస్టు 18, సాయంత్రం 6:02

అమాయకపు ప్రశ్నేమీ కాదండీ, అసలు విషయం అక్కడే ఉంది. ఆస్పెన్ వేళ్ళ నుంచి పిలకలు వేస్తుంది, మన అరటి పిలకలు పుట్టినట్టు. పైకి వందల చెట్లు కనబడతాయి, కింద వేరు ఒకటే. అంటే ఆ గుంపంతా ఒకే ప్రాణి. అందుకే గుంపు మొత్తం దాదాపు ఒకేసారి రంగు తిరుగుతుంది, పక్క గుంపు వేరే ప్రాణి గనక దాని లెక్క దానిది. మీరు చూసిన గీత ఇద్దరు ఇరుగుపొరుగుల సరిహద్దు. యూటాలో ఫిష్ లేక్ దగ్గర 'పాండో' అని ఒకటుంది: 106 ఎకరాలు, 47,000 దాకా కాండాలు, వేరు ఒక్కటే.

పసుపు ఎక్కణ్ణుంచి వస్తుందంటారా, అది కొత్తగా రాదు. కెరోటినాయిడ్లు ఆకులో వేసవి అంతా ఉంటాయి, పత్రహరితం కింద కప్పబడి ఉంటాయి. పగలు కురచై, చలి మొదలైతే చెట్టు పత్రహరితాన్ని విరగ్గొట్టి అందులో పనికొచ్చేవి వెనక్కి లాక్కుంటుంది. ఆకుపచ్చ పోతే పసుపు బయటపడుతుంది. ఎరుపు కథ వేరు. ఆంథోసయనిన్లు చాలామటుకు ఆ రోజుల్లోనే కొత్తగా తయారవుతాయి. ఎర్ర గోంగూర కాడలో, నేరేడు పండులో ఉండే జాతే అది. పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి ఉంటే ఎరుపు బాగా వస్తుంది. ఆస్పెన్‌లో కొన్ని గుంపులు మాత్రమే నారింజకీ ఎరుపుకీ తిరుగుతాయి. అవి కనబడితే వదలకండి.

ఇంకొకటి. ఆస్పెన్ ఆకు కాడను వేళ్ళ మధ్య పెట్టి తిప్పి చూడండి. గుండ్రంగా ఉండదు, రిబ్బనులా పక్కలకు అణిగి ఉంటుంది. అందుకే గాలి ఉందో లేదో తెలియనప్పుడు కూడా ఆకు వణుకుతూనే ఉంటుంది. మన రావికీ ఈ గుణముంది. సంస్కృత నిఘంటువు రావిచెట్టుని 'చలదళం' అంది, కదిలే ఆకులది అని. ఆ మాట ఆస్పెన్‌కి కూడా అచ్చంగా అతుకుతుంది.

ఐఎస్ఓ 6400 (శాన్ హోసే) | ఆగస్టు 18, రాత్రి 9:48

మాస్టారి పోస్టు కింద కెమెరా సంగతి రాయడం సిగ్గుగానే ఉంది, అయినా రాస్తా.

ఆకు వణుకుతుందన్నారు కదా, మొదటి దెబ్బ అక్కడే తగులుతుంది. ట్రైపాడ్ మీద కెమెరా కదలదు, ఆకు కదులుతుంది. ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే కాండాలు సూదిలా, ఆకులు సేమియాలా ఉంటాయి. ఆకు నిలవాలంటే షట్టర్ 1/500 సెకను దాకా పెట్టు, ఐఎస్ఓ (కెమెరా వెలుతురుని ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) పెరిగితే పెరగనీ. లేదా పూర్తిగా అటువైపు పో: అర సెకను పెట్టి కెమెరాని పైనుంచి కిందికి మెల్లగా లాగు. తెల్ల కాండాలు గీతలవుతాయి, పసుపు కరిగిపోతుంది. ముప్ఫై తీస్తే ఒకటి బాగుంటుంది.

పోలరైజర్ (లెన్స్ ముందు బిగించే ఫిల్టర్) కొనుక్కో. తడి ఆకు మీద, ఎండ ఆకు మీద తెల్లటి మెరుపు ఉంటుంది చూడు, అది పోయి అసలు రంగు కనబడుతుంది. సూర్యుడు నీ భుజం పక్కన ఉన్నప్పుడు బాగా పనిచేస్తుంది. 18 దగ్గర ఆకాశంతో వాడితే ఒక పక్క నీలం, ఒక పక్క తెలుపు మచ్చలా వస్తుంది, జాగ్రత్త.

వైట్ బ్యాలెన్స్ ఆటోలో పెట్టకు. ఫ్రేమంతా పసుపే ఉంటే కెమెరా 'ఇదేదో ఎక్కువైంది' అనుకుని నీలం కలిపేస్తుంది. డేలైట్‌లో ఉంచెయ్. రా ఫైలు (కెమెరా మార్పులు చేయని ముడి ఫైలు) తీస్తే తర్వాత మార్చుకోవచ్చు, కానీ అక్కడ స్క్రీన్ మీద చూసి మోసపోకుండా ఉంటావు. హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫు) మూడు రంగులదీ విడివిడిగా పెట్టుకో. వెలిగే పసుపు ఆకుల్లో ఎరుపు చానల్ ముందు పొంగిపోతుంది, మామూలు హిస్టోగ్రామ్ అంతా బాగుందనే చెబుతుంది. ఇంటికొచ్చాక శాచురేషన్ ముట్టుకోకు. ఆ చెట్టుకి నువ్వు వేయాల్సిన రంగేమీ లేదు.

వైడ్ కంటే నీ 100-400 తోనే కొండ మీద రంగులు బాగా వస్తాయి. ఒక పసుపు గుంపు, ఒక పచ్చ స్ప్రూస్ గుంపు, వాటి నీడ. అంతే కోసుకో. ఎండగా ఉంటే చెట్టుకి అవతల సూర్యుణ్ణి పెట్టుకో, ఆకులు దీపాల్లా వెలుగుతాయి. మబ్బుగా ఉంటే తోట లోపలికి పో, ఆకాశం ఫ్రేములోకి రానివ్వకు.

జంతువులకి ఆ లెన్స్ కాస్త చీకటి లెన్సే. తెల్లవారుజామున ఎఫ్8 దగ్గర ఐఎస్ఓ 6400 తప్పదు. నా పేరు చూసి భయపడకు, గ్రెయిన్ ఉన్నా ఫోటో ఫోటోనే, షేక్ అయితే ఏమీ లేదు. ట్రైపాడ్ కారులో ఇరుకు. కిటికీ అద్దం సగం దింపి దాని మీద కందిపప్పు సంచి వేసి లెన్స్ ఆనించు. అంత మంచి స్టాండు ఏ షాపులోనూ దొరకదు.

చౌరస్తా | ఆగస్టు 18, రాత్రి 10:05

కందిపప్పు! అమ్మ ఎలాగూ నాలుగు పౌన్లు కట్టుకుంటుంది.

వైడ్ వీరుడు (ఆస్టిన్) | ఆగస్టు 19, మధ్యాహ్నం 1:30

ఇంత హడావిడి ఎందుకు బ్రో. ఎస్టెస్ పార్క్‌లో ఎల్క్‌లు ఊళ్ళోనే తిరుగుతాయి, గోల్ఫ్ కోర్సులో పడుకుంటాయి. పోయినేడు నేను ముప్ఫై అడుగుల నుంచి ఫోన్‌తో తీశా. మగదాని పక్కన మా వాడు నిలబడి సెల్ఫీ కూడా దిగాడు. ఏమీ కాలేదు. ఆవులకి భయపడతామా?

పాలపిట్ట (ఫోర్ట్ కాలిన్స్) | ఆగస్టు 19, సాయంత్రం 5:44

వీరుడు గారూ, ఆ రోజు ఏమీ కాలేదంటే ఆ ఎల్క్ పెద్దమనిషి, మీరు కాదు.

సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా వాటి ఎదకాలం. మామూలు రోజుల్లో తలదించుకుని మేసే మగది ఆ నెలలో తిండి సరిగా తినదు, నిద్ర సరిగా పోదు, ఆడవాటి మందను కాచుకుంటూ ఇంకో మగదాని కోసం వెతుకుతూ ఉంటుంది. 300 కిలోల పైచిలుకు ఒళ్ళు, దాని మీద కొమ్ములు. అదొచ్చి గుద్దేది ఆవు గుద్దినట్టుండదు. పార్కు నియమం ఎల్క్‌కి, కొండగొర్రెకి 75 అడుగులు, దుప్పిలో రాక్షసుడు లాంటి మూస్‌కీ ఎలుగుకీ 120 అడుగులు. నన్నడిగితే ఆ లెక్క కంటే జంతువు మొహం చూడటం మేలు. అది మేత ఆపి మీ వైపు చూసిందంటే మీరు అప్పటికే ఎక్కువ దగ్గరికి వచ్చారు.

చౌరస్తా గారూ, మొరైన్ పార్క్, హార్స్‌షూ పార్క్ రెండూ మంచి చోట్లు. సెప్టెంబరు, అక్టోబరు రెండు నెలలూ సాయంత్రం 5 నుంచి మర్నాడు పొద్దున దాకా ఆ గడ్డిమైదానాల్లోకి రోడ్డు దిగి నడవనివ్వరు. రోడ్డు పక్కనే ఆపుకుని కారునే మరుగుగా వాడండి. ఇంజన్ ఆపేయండి, హెడ్‌లైట్లు వాటి మీద కొట్టకండి, వాటి కూతను అనుకరించే ఈలలు ఊదకండి, పార్కులో అది నేరం. డ్రోన్ కూడా ఇంట్లో పెట్టి రండి.

ఎల్క్‌ని తెలుగులో ఏమనాలని మా అబ్బాయి అడిగితే కణితికి పెద్దన్న అని చెప్పా. మన కణితి చుట్టమే, కానీ కూత మాత్రం ఏ చుట్టానికీ రాలేదు. అడుగున గుర్రుమని మొదలై, పైకి పోయి సన్నటి ఈల అయి, ఆఖర్న దగ్గుతో ఆగుతుంది. మొదటిసారి విన్నప్పుడు ఎవరో గేటు తుప్పు పట్టిన మడతబందు తిప్పుతున్నారనుకున్నా.

కొండగాలి | ఆగస్టు 19, సాయంత్రం 6:10

ఒక మాట. పార్కు బయట నేషనల్ ఫారెస్టుల్లో ఆ రోజుల్లో వేట సీజను నడుస్తుంటుంది. కెబ్లర్ వైపు తోటల్లో నడిచేటప్పుడు కళ్ళకు కొట్టొచ్చే నారింజ రంగు జాకెట్టో టోపీయో వేసుకోండి. గోధుమరంగు స్వెట్టర్ వేసుకుని పొదల్లో వంగకండి.

మన్ననూరు మలుపు (అచ్చంపేట) | ఆగస్టు 20, ఉదయం 6:20

మీ కొలరాడో గోల చదువుతుంటే కుళ్ళు పుడుతున్నది. మాకు అక్టోబరులో నల్లమల పచ్చగా, చిక్కగా ఉంటది. కారు కిటికీ నుంచి ఆకు తప్ప ఇంకేం కనబడదు. మాకు ఆకు రాలేది మాఘం, ఫాల్గుణంలో. టేకాకు ఎండి కింద పడితే అప్పడం మీద కాలేసినట్టు చప్పుడైతది. అప్పుడు అడవి పారదర్శకమైపోతది. ఆకుల్లేని మోదుగు మీద పువ్వు, దాని కింద జింక. మాకు ఫోటోల కాలం అదే. అందరూ వానాకాలం అయిపోంగనే వచ్చి 'ఏం కనబడలేదు' అని పోతరు.

చౌరస్తా గారు ఊరికి వచ్చినప్పుడు ఫిబ్రవరి ఆఖర్న రండి. శ్రీశైలం రోడ్డు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తరు గనక ఆరింటికి గేటు దగ్గర ఉండండి.

ఓక్ నీడ (షార్లట్) | ఆగస్టు 20, రాత్రి 8:15

మా బ్లూ రిడ్జ్ పార్క్‌వే గురించి ఎవరూ మాట్లాడరేం? 469 మైళ్ళు, అక్టోబరంతా రంగే. ఎరుపు కావాలంటే తూర్పుకి రండి, మేపుల్, డాగ్‌వుడ్, సోర్‌వుడ్ అన్నీ ఉంటాయి. మీ పడమర వాళ్ళది ఒకటే పసుపు.

కొండగాలి | ఆగస్టు 20, రాత్రి 8:31

ఒకటే పసుపయినా వెనక మంచుకొండ ఉంటుందిలెండి.

చౌరస్తా | సెప్టెంబరు 14, రాత్రి 9:50

అన్నీ బుక్ చేశాను, కొండగాలి అన్న చెప్పినట్టే. టైమ్డ్ ఎంట్రీ రెండు రోజులకి దొరికింది. ఎత్తు గురించి టెన్షన్‌గా ఉంది. నాన్నకి బీపీ మాత్రలున్నాయి. ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు ఎక్కించొచ్చా?

పాలపిట్ట | సెప్టెంబరు 14, రాత్రి 10:22

మాత్రల సంగతి వాళ్ళ డాక్టరుని అడగండి, ఇక్కడ కాదు. మామూలుగా చెప్పాలంటే ఎస్టెస్ పార్క్ 7,500 అడుగులు, ట్రెయిల్ రిడ్జ్ పైకొస 12,183. మొదటి రోజే ఎక్కకండి. రెండు రాత్రులు కింద పడుకున్నాక వెళ్ళండి, నీళ్ళు ఎక్కువ తాగించండి, పైన గబగబా నడవనివ్వకండి. తలనొప్పో వాంతో మొదలైతే ఫోటో మధ్యలో ఉన్నా సరే, కిందికి దిగిపోండి. మంచు పడితే ఆ రోడ్డు సెప్టెంబరులో కూడా మూసేస్తారు, బయల్దేరే ముందు కనుక్కోండి.

పైన రాక్ కట్ దగ్గర ఆగి పైకా కోసం చూడండి. పిడికెడు జంతువు, గుండ్రటి చెవులు, కుందేలు చుట్టం. చలికాలం నిద్రపోదు కాబట్టి ఇప్పుడే గడ్డి కోసి రాళ్ళ సందుల్లో వామి వేసుకుంటుంది. నోట్లో గడ్డిపరకలు అడ్డంగా పెట్టుకుని పరిగెత్తేదాన్ని వెంటపడి తీయలేరు. వామి ఏ రాతి కింద ఉందో కనిపెట్టి, అక్కడ ఫోకస్ పెట్టి కూర్చోండి. అదే వస్తుంది.

దారిలో క్లేటన్ దాటాక రాటన్ దాకా రోడ్డు పక్క పొలాల్లో జింకల్లాంటి ప్రాంగ్‌హార్న్‌లు మేస్తుంటాయి. తెల్లటి పిర్రలు చూసి గుర్తుపట్టొచ్చు. అక్కడ అందరూ గంటకు 75 మైళ్ళ మీద పోతుంటారు, చటుక్కున బ్రేకు వేయకండి.

చౌరస్తా (ఎస్టెస్ పార్క్ నుంచి, ఫోన్‌లో) | సెప్టెంబరు 22, రాత్రి 8:40

ఇవ్వాళ తెల్లవారుజామున 5:30కి బయల్దేరి మొరైన్ పార్క్ చేరాం. చీకట్లో కూత వినబడింది. పాలపిట్ట గారూ, తుప్పు గేటు అన్నది కరెక్టే. అమ్మ మాత్రం 'ఎవరో శంఖం సరిగ్గా ఊదలేక ఊదుతున్నట్టుంది' అంది.

వెలుగొచ్చింది. మగది, పన్నెండు ఆడవి. మంచుపట్టిన గడ్డి. తల ఎత్తి కూసినప్పుడల్లా నోట్లోంచి ఆవిరి. రెండొందల ఫోటోలు తీశా. రూముకొచ్చి చూస్తే అన్నీ అలికేసినట్టున్నాయి. ఎందుకో చెప్పుకోండి చూద్దాం. నిన్న సాయంత్రం ఆకుల కోసం పెట్టిన పోలరైజర్ తియ్యలేదు!

ఐఎస్ఓ 6400 | సెప్టెంబరు 22, రాత్రి 8:52

అయ్యో. దాదాపు రెండు స్టాపుల వెలుతురు అది తినేసింది (స్టాపు తగ్గిన ప్రతిసారీ వెలుతురు సగమవుతుంది). ఎఫ్8 లెన్స్ మీద ఇంకో నల్లద్దం. రేపు మళ్ళీ వెళ్ళు. చోటు తెలిసింది కదా. మగది వెనక నల్లటి పైన్ చెట్లు వచ్చేలా, సూర్యుడు ఎదురుగా ఉండేలా కారు ఆపుకో. ఒక స్టాపు తగ్గించి తీస్తే ఆవిరి వెలుగుతుంది.

చౌరస్తా | సెప్టెంబరు 30, రాత్రి 11:05

ఇల్లు చేరి రెండు రోజులైంది. బట్టలు ఉతకడం అయింది, ఫోటోలు ఏరడం కాలేదు. ఇంతమంది ఇన్ని చెప్పారు కాబట్టి ఏం జరిగిందో రాయడం నా బాధ్యత.

మర్నాడు మళ్ళీ అదే చోటు. పోలరైజర్ పెట్టెలో పెట్టి, పెట్టె డాష్‌బోర్డు మీద పెట్టి, రెండుసార్లు తడిమి చూసుకున్నా. కందిపప్పు సంచి కిటికీ మీద. సూర్యుడు రావడానికి ఇంకా అరగంట ఉందనగా మంద మా వైపు జరిగింది. ఇంజన్ ఆపే ఉంది, కారులో నలుగురం ఊపిరి బిగబట్టుకున్నాం. మా ముందు పార్కు చేసినతను దిగి గడ్డిలోకి నాలుగడుగులు వేశాడు. పసుపు జాకెట్ వలంటీరొకామె వచ్చి ఒక్క మాట అంది, అతను వెనక్కి వచ్చి కూర్చున్నాడు. అప్పటికి ఆడవి అటు తిరిగిపోయాయి. ఇక అయిపోయిందనుకున్నా.

అయిపోలేదు. మగది వాటి వెనక పోకుండా అక్కడే నిలబడింది. కొమ్ములకి గడ్డి వేలాడుతోంది, మట్టిలో పొర్లిన నల్లటి మెడ తడిగా ఉంది. సూర్యుడు అప్పుడే గట్టు దాటాడు. అది తల వెనక్కి వాల్చి కూసింది. ఆవిరి కొమ్ముల మధ్య నుంచి పైకి పోయి పసుపైంది. 1/640, ఎఫ్8, ఐఎస్ఓ 6400, ఒక స్టాపు తక్కువ. పదకొండు ఫ్రేములు వచ్చాయి, ఒకదాంట్లో కన్ను పదునుగా ఉంది. కింద పెట్టాను చూడండి.

ఆ సంతోషంలో ఇంకో తప్పు చేశా. కెమెరాని అలాగే హీటర్ వేసిన కారులోకి లాగి లెన్స్ విప్పా. లోపలా బయటా పొగమంచు. అరగంట పనికిరాలేదు. ఆ అరగంటలోనే రోడ్డు పక్కన కొయోటీ (తోడేలు కంటే చిన్న జంతువు) ఒకటి పోయింది. నాన్న తన ఫోన్‌తో తీశాడు. ఇప్పుడు వరంగల్‌లో చుట్టాలందరికీ అదే 'తోడేలు' అని వెళ్ళింది.

ట్రెయిల్ రిడ్జ్ మూడో రోజు ఎక్కాం. నాన్న బాగానే ఉన్నాడు, తలనొప్పి నాకొచ్చింది. పైకా దొరికింది, కానీ ఫోటోలో దాని తోకవైపే ఉంది. తోక కూడా లేదనుకోండి. ఒక మలుపు దగ్గర నాన్న జేబులోంచి పల్లీలు తీసి చిప్‌మంక్‌కి వేయబోతే మా అమ్మాయి చెయ్యి పట్టుకుంది. అక్కడ బోర్డు ఉంది, వేయకూడదని. 'ఊర్లో ఉడతకి వెయ్యనా?' అని కాసేపు అలిగాడు.

కెనోషా పాస్ దగ్గర మా లెక్క తప్పింది. ముందురోజు గాలికి పైనున్నవన్నీ రాలిపోయాయి. కొండగాలి అన్న మాట గుర్తొచ్చి ఎత్తు చూసుకుంటూ దిగాం, కిందికొచ్చే కొద్దీ మళ్ళీ పసుపు తగిలింది.

కెబ్లర్ రోజు మబ్బు. మొదట తిట్టుకున్నా. తర్వాత తోట లోపలికి వెళ్తే తెలిసింది, ఎండ ఉంటే మచ్చలు మచ్చలుగా వచ్చేది. సున్నం కొట్టిన స్తంభాల్లా కాండాలు. చేత్తో రుద్దితే అరచేతికి తెల్లటి పొడి అంటింది, దాని కింద బెరడు లేతాకుపచ్చ. పాత కొమ్మలు రాలిన చోట నల్లటి మచ్చలు కళ్ళలా ఉన్నాయి, కనుబొమ్మలతో సహా. నాన్న 'ఇంతమంది చూస్తుంటే ఫోటో ఎలా తీస్తావురా' అన్నాడు. కింది భాగమంతా నల్లగా గరుగ్గా ఉన్న కాండాలు కూడా చూశాం. కొన్ని చోట్ల పళ్ళ గాట్లలా ఉన్నాయి. మాస్టారూ, అదేమిటి?

ఆ రోజు నాలుగు గంటలు ఒక్క తోటలోనే ఉన్నాం. కారు ఎక్కి ఇంకో చోటికి పోదామని ఎవరూ అనలేదు. 150 దగ్గర తీసినవి బాగున్నాయి, పైకి లాగి తీసిన ముప్ఫైలో రెండు బాగున్నాయి.

అమ్మ సంగతి చెప్పాలి. ఊర్లో బతుకమ్మ రోజులు, తను ఇక్కడ ఉండిపోయిందని ఒకటే దిగులు. గన్నిసన్‌లో మేం దిగిన మోటెల్ పెరట్లో ఒక ఆస్పెన్ ఉంది, కింద పక్కేసినట్టు ఆకులు. ఓనరమ్మని అడిగి గిన్నెడు ఏరుకుంది. కిరాణాలో బంతిపూల కుండీ ఒకటి కొన్నాం. స్టీలు పళ్ళెంలో ఆకులు కాడ లోపలికి పెట్టి చుట్టూ వరసలు పేర్చింది, మధ్యలో బంతి, పైన మళ్ళీ ఆకు. 'తంగేడు లేకపోతే ఏం, రంగు అదే కదా' అంది. కిటికీ వెలుతురులో తన వేళ్ళూ, ఒక ఆకూ. 18-150 తో, 50 దగ్గర. ఎల్క్ ఫోటో కంటే మా ఇంట్లో అందరికీ అదే నచ్చింది. నాకు మాత్రం ఎల్క్ ఫోటోనే.

బోటనీ మాస్టారు | అక్టోబరు 1, ఉదయం 5:50

మీరు చూసింది ఎల్క్‌ల పనే అయ్యుంటుంది. చలికాలంలో మేత దొరక్క ఆస్పెన్ బెరడు గీరి తింటాయి, ఆ గాయం నల్లగా గట్టిపడుతుంది. బెరడు లేతాకుపచ్చగా ఉందన్నారు కదా, అందులోనూ పత్రహరితం ఉంటుంది. ఆకులు రాలాక కూడా కాస్తో కూస్తో ఆ కాండమే వండుకుంటుంది. మీ ఎల్క్, మీ చెట్టు ఒకే ఫోటోలో ఉన్నట్టే.

వైడ్ వీరుడు | అక్టోబరు 1, ఉదయం 10:12

ఫోటో అదిరింది బ్రో. సరే, ఒప్పుకుంటా, ఫోన్‌తో ఇలా రాదు. ఆ 100-400 ఎంతకు వచ్చింది?

మన్ననూరు మలుపు | అక్టోబరు 1, మధ్యాహ్నం 2:30

పళ్ళెం ఫోటో మా అమ్మకి చూపించిన. ఆకుతో బతుకమ్మ ఏంది అని ముందు నవ్వింది, తర్వాత ఫోన్ తిరిగి ఇయ్యలే. ఫిబ్రవరి సంగతి మర్చిపోకండి.

ఐఎస్ఓ 6400 | అక్టోబరు 1, రాత్రి 7:40

కన్ను పదునుగా ఉంది, ఆవిరి ఉంది, ఇంకేం కావాలి. కుడి పక్కన ఆ కొమ్మ కాస్త కోసెయ్. ఇంతకీ కందిపప్పు సంచి ఏమైంది?

చౌరస్తా | అక్టోబరు 1, రాత్రి 7:58

తిరుగుదారిలో అమరిల్లో మోటెల్‌లో, కరెంట్ కుక్కర్‌లో పప్పుచారు అయింది.